ఇరవై మూడో నంబరు మడి

మా అమ్మమ్మ దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన, సన్నటి మందు గొట్టం ఒకటి ఎప్పుడూ ఉండేది. నొక్కితే పసుపు ముద్దలా మందు వచ్చేది. ఎవరికి కళ్లు ఎర్రబడ్డా, పుసులు కట్టినా అదే వైద్యం. "మన సుబ్బారావు గారి మందే ఇది, మంట పుట్టదులే, కళ్లు తెరు" అనేది. మా వీధిలో కాంపౌండరు గారి పేరూ సుబ్బారావే. చాలా ఏళ్లు ఆయనే ఇంట్లో కూర్చుని ఆ మందు నూరుతున్నాడనుకున్నాను!

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని తర్వాత తెలిసింది. మందు పేరు ఆరియోమైసిన్. ఆయన గురించి చాలామంది రాశారు. నేను చెప్పబోయేది ఆ మందు పుట్టిన మట్టి గురించి. బి.ఏ.లో చరిత్ర చదివిన దాన్ని. యుద్ధాలైతే తారీఖులతో సహా అప్పజెబుతాను గానీ, ఒక పొలానికీ చరిత్ర ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో కొలంబియా అని ఒక ఊరుంది. అక్కడి విశ్వవిద్యాలయం వ్యవసాయ కళాశాలలో శాన్‌బర్న్ అనే డీను గారు 1888లో ఓ పొలాన్ని నలభై దాకా మడులుగా విడగొట్టించారు. ఒకదాంట్లో ఏటేటా మొక్కజొన్నే. ఒకదాంట్లో ఏటేటా గోధుమే. ఇంకోదాంట్లో ఆరేళ్ల వరుస: మొక్కజొన్న, ఓట్సు, గోధుమ, క్లోవరు, ఆపైన రెండేళ్లు తిమోతి అనే పశువుల గడ్డి. కొన్నిటికి పెంటఎరువు, కొన్నిటికి ఏమీ లేదు. భూమి ఎలా అలిసిపోతుంది, ఎలా తేరుకుంటుంది? ఇదీ ప్రశ్న. జవాబు తన హయాంలో రాదని ఆయనకి తెలిసే ఉంటుంది.

ఈ ప్రశ్న మా తాతయ్యని అడిగితే నవ్వేవాడు. ఊడ్పులకి ముందు జనుము చల్లి, పూతకొచ్చే వేళకి కలియదున్నేవాడు. "భూమికీ అన్నం పెట్టాలే అమ్మాయ్" అనేవాడు, అంతే. ఎంత పెట్టాలో, పెట్టకపోతే ఎంత నష్టమో తూకం వేసింది మాత్రం మిస్సోరీ వాళ్లు. ఎప్పుడూ దున్నని పచ్చిక నేలనీ, పక్కనే అరవై ఏళ్లు దున్నిన నేలనీ పోల్చి, 1933లో హాన్స్ జెన్నీ అనే శాస్త్రజ్ఞుడు లెక్క చెప్పాడు: జీవపదార్థం మూడో వంతుకు పైగా హరించుకుపోయిందట. మట్టిలో కంటికి కనబడని ప్రాణులకి అదే కదండీ తిండి! వందేళ్లయ్యాక శాన్‌బర్న్ పొలంలోనే కొలిస్తే, ఏటా మొక్కజొన్న వేసిన మడిలో మిగిలిన పైమట్టి, గడ్డి మడిలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. పంట మార్చిన మడి కాస్త నయం, 70 శాతం దాకా నిలుపుకుంది.

ఇక 23వ నంబరు. దానికి మొదట్నించీ తిమోతి గడ్డే. ఎరువు చిటికెడు వెయ్యరు, కోసుకుపోవడం మాత్రం మానరు. అన్నీ పెట్టిన మడులతో పోల్చి చూసుకోవడానికి, ఏమీ పెట్టని మడి. కొన్ని ఇళ్లల్లో ఆడపిల్లలు గుర్తొచ్చారు నాకు. పోనిద్దురూ.

1945 నాటికి లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనల డైరెక్టరు సుబ్బారావు గారే. మట్టిలోంచి స్ట్రెప్టోమైసిన్ దొరికిన కొత్త. ఇంకా ఏముందోనని ఊరూరి మన్నూ తెప్పిస్తున్నారు. అక్కడ పనిచేసే బెంజమిన్ డగ్గర్‌కి డెబ్భై దాటాయి. ప్రొఫెసరుగా రిటైరై, మనవల్ని ఆడించుకోవాల్సిన వయసులో కొత్త ఉద్యోగంలో చేరిన మనిషి. పూర్వం మిస్సోరీలో పాఠాలు చెప్పినవాడు కావడంతో అక్కడికీ ఉత్తరం రాశాడు. మట్టి శాఖ పెద్ద విలియం ఆల్‌బ్రెక్ట్ కొన్ని మడుల మన్ను పంపాడు. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవుల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాడాయన.

23వ నంబరు మన్నులోంచి బంగారు రంగు జీవి ఒకటి పైకొచ్చింది. స్ట్రెప్టోమైసిస్ జాతి. తొలకరికి లేచే మట్టివాసన ఉందే, అది చాలామటుకు ఈ జాతి చలవేనట. లాటిన్‌లో బంగారం మాటని పట్టుకుని మందుకి పేరు పెట్టారు. 1948లో లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్కులో పోయారు. 53 ఏళ్లు. 1923లో భార్యని ఇక్కడ విడిచి వెళ్లిన మనిషి మళ్లీ రానేలేదు. మందు మాత్రం మా దేవుడి గూటి దాకా వచ్చింది.

తాతయ్య పొలానికీ ఇప్పుడు నంబర్లున్నాయి. ఇళ్ల స్థలాలు చేశారు లెండి. పోయిన జూన్‌లో వెళితే, జనుము చల్లే చెక్కలో 23 అని రాసిన రాయి కనిపించింది. నిలబడి చూస్తుండగానే చినుకులు మొదలయ్యాయి. వాసన వచ్చింది.