తోటివారి వేధింపు, పిల్లల మనసు: ఒక పరిశోధన చరిత్ర

బడిలో తోటి పిల్లలు ఒకరిని పదేపదే ఏడిపించడం, కొట్టడం, ఆటలో చేర్చుకోకపోవడం బాల్యంలో మామూలేనని, ఎదిగేకొద్దీ అదే మరుపున పడుతుందని పెద్దలు చాలాకాలం నమ్మారు. 1969లో స్వీడన్ వైద్యుడు పీటర్ పాల్ హైనెమాన్ ఒక్కరిపై గుంపుగా విరుచుకుపడే ఈ ప్రవర్తనను గురించి రాసి బహిరంగ చర్చకు దారి తీశాడు. అయితే దానిని శాస్త్రీయంగా కొలిచే మార్గం వేసినవాడు మనస్తత్వ పరిశోధకుడు డాన్ ఓల్వేయస్. హాని చేయాలన్న ఉద్దేశం, మళ్లీ మళ్లీ జరగడం, ఇరువురి బలంలో తేడా అనే మూడు లక్షణాలతో అతడు వేధింపును నిర్వచించాడు. 1982 చివర నార్వేలో ముగ్గురు బాలురు, బహుశా తోటివారి వేధింపు కారణంగానే, ఆత్మహత్య చేసుకోగా, మరుసటి ఏడే అక్కడ దేశవ్యాప్త నివారణోద్యమం మొదలైంది.

తొలినాళ్ల పరిశోధకుల చూపు దెబ్బల మీద, మగపిల్లల మీదే ఎక్కువగా నిలిచింది. పుకార్లు పుట్టించడం, మాట్లాడటం మానేయడం, స్నేహం తెంచుకుంటామని బెదిరించడం వంటి, గాయం పైకి కనబడని హింసను 1988లో ఫిన్లాండ్ పరిశోధకులు, 1995లో అమెరికాలో నిక్కీ క్రిక్, జెనిఫర్ గ్రాట్‌పీటర్ వెలుగులోకి తెచ్చారు. ఈ ఆలస్యం వల్ల ఎందరో ఆడపిల్లల బాధ లెక్కలోకే రాలేదనుకోవాలి.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న వేరొకటి ఉంది: వేధింపు వల్ల దిగులు పుడుతుందా, లేక దిగులుగా ఉండే పిల్లలే వేధింపుకు గురవుతారా? 2000లో హాకర్, బౌల్టన్ అనే పరిశోధకులు ఇరవయ్యేళ్ల అధ్యయనాలను కలిపి చూసి, వేధింపుకు అతి దగ్గరి తోడు కుంగుబాటేనని తేల్చారు. కానీ రెండింటినీ ఒకే సమయంలో కొలిచిన ఆ అధ్యయనాలు ఏది ముందో చెప్పలేవు. అంతకుముందే, 1996లో, కోకెన్‌డర్ఫర్, లాడ్ అనే పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలను ఏడాది పొడవునా గమనించి, వేధింపు ముందు వస్తుందని, ఒంటరితనం, బడి ఎగవేత దాని వెంట వస్తాయని చూపారు. ఏళ్లతరబడి అవే పిల్లలను వెంబడించిన అధ్యయనాలను 2010లో రైంట్యెస్ బృందం క్రోడీకరించినప్పుడు ప్రభావం రెండు వైపులా కనిపించింది: వేధింపు దిగులును పెంచుతుంది, ఆ దిగులు మరింత వేధింపును కొనితెస్తుంది. ఇంతమాత్రాన తప్పు పిల్లల స్వభావానిదని అనడానికి వీల్లేదు. ఎందుకంటే ఒకే జన్యువులు, ఒకే ఇల్లు పంచుకున్న సమరూప కవలలలో సైతం వేధింపుకు గురైనవారికే ఆందోళన, దిగులు ఎక్కువగా ఉన్నట్టు లూయీజ్ ఆర్సెనో బృందం 2008లో కనుగొంది. మంచి స్నేహితుడు ఒక్కడున్నా ఈ హాని తగ్గుతుందని 1999లోనే తెలియడం కొంత ఊరట.

అయినా ఈ హాని బాల్యంతోనే ఆగిపోదు. 1958లో బ్రిటన్‌లో పుట్టినవారిలో, 7, 11 ఏళ్ల వయసులో వేధింపుకు గురయ్యారా అన్న వివరం నమోదైన 7,771 మందిని పరిశీలించి 2014లో వెలువరించిన ఫలితాల ప్రకారం, తరచూ వేధింపుకు గురైనవారిలో 45 ఏళ్లనాడు కుంగుబాటు, ఆందోళన రుగ్మతలు ఇతరులకన్నా ఎక్కువ. 50 ఏళ్లకు కూడా వారి మనోవేదన తీరలేదు.