గోపాలపురం పామ్ బీచ్ హోటలు, దాని ముందున్న మన ఒడ్డు

బరంపురం నుంచి సముద్రం వైపు పదహారు కిలోమీటర్లు పోతే గోపాలపురం. మనం గోపాలపురం అంటాం. ఒడియాలో గొపాళపుర్. హోటలు వాళ్ళ కాగితాల మీద మాత్రం 'గోపాల్‌పూర్-ఆన్-సీ' అని ఉంటుంది, ఇంగ్లాండులో ఏదో సముద్రపు ఊరి పేరులాగ. ఒకే ఊరికి మూడు పేర్లు. ఆ మూడో పేరు పెట్టుకున్న హోటలు గురించే ఈ వ్యాసం. దాని కథ చాలాచోట్ల చదివేం. ఇటలీ దొర కట్టేడు, ఒబెరాయ్ కొన్నాడు, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళది. అంతటితో అయిపోతుంది. ఆ హోటలు గేటు ముందు ఇసకలో వలలు ఆరబెట్టుకునే వాళ్ళు తెలుగు మాటాడతారన్న సంగతి ఆ కథలో ఎక్కడా రాదు.

ముందు రేవు సంగతి చెప్పుకోవాలి. హోటలు కంటే రేవు చాలా పాతది.

గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు రాజధానిలో అన్నిటికంటే ఉత్తరపు జిల్లా. జిల్లా కేంద్రం మొదట ఋషికుల్య ముఖం దగ్గర గంజాం ఊళ్ళోనే ఉండేది. 1815లో అక్కడ విషజ్వరాలు వచ్చి జనం చచ్చిపోతే కచేరీలు బరంపురానికి తరలించేరు. కచేరీ బరంపురం వెళ్ళేక, దానికి దగ్గర్లో ఉన్న గోపాలపురం రేవుకి గిరాకీ పెరిగింది. రేవు అంటే ఇప్పటి విశాఖ రేవులాంటిది అనుకోకండి. అడ్డుగోడ లేదు, ఓడ వచ్చి ఆనుకునే లోతు లేదు. స్టీమరు దూరంగా లంగరు వేసుకుని ఉంటే, సరుకూ మనుషులూ ఒడ్డు నుంచి అక్కడిదాకా అలలు దాటి పోవాలి. గోపాలపురం అలలు ఎలాంటివో చూసినవాళ్ళకి తెలుసు. ఒకటి విరిగేలోగా ఇంకోటి లేస్తుంది. మేకులు కొట్టిన గట్టి పడవ ఆ దెబ్బకి పగిలిపోతుంది. అందుకే కొబ్బరితాడుతో పలకలు కుట్టిన పడవలు వాడేవారు. ఇంగ్లీషు వాళ్ళు వాటిని మసూలా బోట్లు అన్నారు. కుట్టు పడవ అలకి వంగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. దాన్ని నడిపించాలంటే ఏ అలని వదలాలో, ఏ అల మీద ఎక్కాలో తెలియాలి. అది తెలిసినవాళ్ళు మన వాడబలిజలు, జాలర్లు.

'వాడబలిజ' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, మన పని మాటలతోనే కదా. ఇక్కడ వాడ అంటే పేట కాదు, ఓడ. చీరాల దగ్గర వాడరేవు అన్న ఊరుంది, ఓడరేవు అన్నమాట. బలిజ అంటే వర్తకుడు. అంటే ఓడల మీద బేరం చేసేవాళ్ళు అని ఆ కులం తనకి తాను పెట్టుకున్న పేరు. చేపలు పట్టేవాళ్ళు అని కూడా కాదు, చూడండి. ఒడియా వాళ్ళు, ఆ తరవాత ఇంగ్లీషు వాళ్ళు, కలకత్తా నుంచి వచ్చే బెంగాలీలు వీళ్ళని పిలిచే పేరు వేరు. నూలియా, లేదా నోలియా. ఈ రెండు పేర్ల మధ్య దూరమే నాకు ఈ హోటలు చరిత్ర అనిపిస్తుంది.

ఆ రేవు నుంచి ఎక్కువగా పోయినది మనుషులే. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలిపని కోసం గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల జనం రంగూన్ వెళ్ళేవారు. అక్కడ మన తెలుగు వాళ్ళందరికీ కోరంగి వాళ్ళని పేరు పడింది, కోరంగి రేవు నుంచి ఎక్కినా ఎక్కకపోయినా. గోపాలపురంలో ఎక్కినవాళ్ళు కూడా రంగూన్‌లో దిగేసరికి కోరంగీలే. పేరు ఎప్పుడూ అవతలివాడే పెడతాడు కాబోలు.

తరవాత రైలు వచ్చింది. ఈస్టు కోస్టు రైల్వే 1890లలో ఈ తీరం వెంబడే పడింది. 1902లో దాని ఉత్తరభాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. దాంతో కలకత్తా నుంచి బరంపురానికి నేరుగా బండి. తీరం వెంబడి ఊరికీ ఊరికీ మధ్య స్టీమర్ల మీద పోయే సరుకు రైలెక్కడం మొదలెట్టింది. అదే రైలు గోపాలపురానికి ఇంకో రకం జనాన్ని తెచ్చింది. కలకత్తా ఎండకి ఉడికిపోయే దొరలు రాత్రి బండెక్కితే మర్నాటికి సముద్రం ఒడ్డున ఉంటారు. ఊళ్ళో బంగళాలు లేచేయి.

1914లో సిన్యోర్ మాలియోని అనే ఇటలీ మనిషి ఇక్కడ పామ్ బీచ్ హోటలు కట్టేడు. భారతదేశంలో ఇదే మొదటి బీచ్ రిసార్టు అని హోటలు వాళ్ళు చెప్పుకుంటారు. అంతకుముందు కొండ ఊళ్ళలో దొరల హోటళ్ళు ఉండేవి గానీ, సముద్రపు ఒడ్డున సరదాకి ఉండడానికని కట్టినవి తక్కువే. అది ఒక పడుచు ఆలోచన. సముద్రం చూస్తూ కూర్చోవడానికి డబ్బు కట్టాలి అన్న ఆలోచన మన ఒడ్డున వాళ్ళకి ఎంత వింతగా ఉండుంటుందో ఊహించుకోండి. వాళ్ళకి సముద్రం పొలం లాంటిది.

కానీ ఆ డబ్బు కట్టినవాళ్ళు స్నానానికి దిగాలంటే ఎవరు కావాలి? అదే అల. రేవులో మూటల్ని దాటించిన అలే దొరసాన్ల ముందు విరుగుతోంది. ఎక్కడ దిగితే కాళ్ళ కింద ఇసక లాగదో, ఏ అలకి తల వంచాలో, ఏ అలకి పైకి ఎగరాలో తెలిసినవాడు చెయ్యి పట్టుకుంటేనే స్నానం. పూరీలో అయినా, గోపాలపురంలో అయినా ఆ చెయ్యి వాడబలిజదే. పూరీలో ఆ పని చేసేవాళ్ళకి కోసుగా ఉండే తెల్లటోపీ, దాని మీద నంబరు. ఆ టోపీ ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. పూరీలో పెంఠకటా అనే పేట అంతా దాదాపు తెలుగు చేపల వాళ్ళదే. ఆ టోపీ కింద ఉన్న మనిషి ఇంటికెళ్ళి తెలుగు మాటాడతాడని ఫొటో తీసుకున్నవాళ్ళలో ఎంతమందికి తెలుసో.

నూలియా అన్న మాట హోటలు పుట్టించినది కాదు, న్యాయంగా చెప్పాలి. అంతకుముందే ఉంది. కానీ రేవు ఉన్నంతకాలం నూలియా అంటే అలల మీద పడవ నడిపేవాడు. హోటళ్ళు వచ్చేక నూలియా అంటే స్నానం చేయించేవాడు. పేరు అదే, లోపల ఉన్న మనిషి పని చిన్నదైపోయింది.

ఇక 1936. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది. గంజాం జిల్లా రెండు ముక్కలయింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మద్రాసులో ఉండిపోయేయి. బరంపురం, ఛత్రపురం, గోపాలపురం అటు వెళ్ళేయి. పర్లాకిమిడి ఊరు కూడా అటే. మనవాళ్ళు దీన్ని ఇప్పటికీ నొప్పితో తలుచుకుంటారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడానికి ఒప్పుకోలేక ఆ ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేసేరు. అది మనకి తెలిసిన కథే. అయితే ఇంకో వైపు కూడా చూడాలి. మద్రాసు రాజధానిలో ఉన్నప్పుడు గంజాంలో కచేరీల్లో, బడుల్లో తెలుగు వాళ్ళదే పైచెయ్యి. ఒడియా వాళ్ళకి తమ జిల్లాలోనే తమ భాషలో అర్జీ పెట్టుకోవడం కష్టమయ్యేది. వాళ్ళ ఉద్యమం ఊరికే పుట్టలేదు. మన కథ చెప్పుకునేటప్పుడు ఇది దాటేస్తే అది చరిత్ర అవదు.

పంతులు గారి లాంటి చదువుకున్నవాళ్ళు ఊరు మారగలిగేరు. బరంపురంలో ఉండిపోయిన తెలుగు వాళ్ళకి ఆంధ్ర భాషాభివర్ధనీ సమాజం ఉంది, పుస్తకాలున్నాయి, వి.వి.గిరి గారు పుట్టిన ఊరు మాది అని చెప్పుకోవడానికి ఉంది. గోపాలపురం ఒడ్డున ఉన్నవాళ్ళకి ఇవేవీ లేవు. వల, తెప్ప ఎక్కడుంటే అక్కడే ఉండాలి. వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు. కచేరీ భాష, బడి భాష మారిపోయేయి. పిల్లలు ఒడియా అక్షరాలు నేర్చుకున్నారు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. పెళ్ళి సంబంధాలకి బారువ, కళింగపట్నం వైపు పోవడం మాత్రం ఆగలేదు. అందుకే ఆ మాట బతికింది.

ఆ మాట ఎలాంటిది? శ్రీకాకుళం తీరం వాళ్ళు వింటే వెంటనే గుర్తుపడతారు. 'ఏటి', 'బేగి రా', 'నాను ఎల్తాను', 'గుంటడు'. చేప 'సేప' అవుతుంది, చెప్పు 'సెప్పు' అవుతుంది, మాట మొదట్లో ఉన్న వె అరిగిపోయి ఎ మిగులుతుంది. బడికి పోయిన తెలుగు దీన్ని సరిదిద్దేస్తుంది. ఇక్కడ తెలుగు బడి లేదు కాబట్టి సరిదిద్దేవాడూ లేడు. పుస్తకం తెలుగు సోకక మాట తనదారిన తాను నడిచింది. గిడుగు వారు వెతికిన వాడుక భాష ఇంతకంటే అచ్చంగా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. ఆయన వదిలి వెళ్ళిన వైపే ఇది మిగిలిపోయింది.

రేవు మాత్రం పోయింది. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులేసేరు. 1942 మార్చికి ఊరు వాళ్ళ చేతిలో పడింది. మన తెలుగు వాళ్ళు లక్షలమందితో పాటు అడవుల్లోంచి, కొండల్లోంచి నడిచి వచ్చేరు. రాలేకపోయినవాళ్ళ లెక్క ఏ ఊళ్ళోనూ తేలలేదు. యుద్ధం అయ్యేక గోపాలపురంలో స్టీమర్ల సందడి మళ్ళీ రాలేదు. గోదాముల గోడలు ఇసకలో కూలి చాలాకాలం అలాగే పడి ఉన్నాయి. హోటలు అతిథులకి అవి ఫొటో తీసుకోవడానికి అందమైన శిథిలాలు. ఒడ్డున వాళ్ళకి అవి తాతల కూలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1940లలో, హోటలు మోహన్ సింగ్ ఒబెరాయ్ చేతికి వచ్చింది. ఆయన కథ అందరికీ తెలిసిందే. సిమ్లాలో సిసిల్ హోటల్లో నెలకి యాభై రూపాయల గుమస్తాగా మొదలెట్టి, 1934లో భార్య నగలు తాకట్టు పెట్టి అక్కడే క్లార్క్స్ హోటలు కొన్నాడు. 1938లో జబ్బు వల్ల మూతబడి ఉన్న కలకత్తా గ్రాండ్ హోటలుని లీజుకి తీసుకుని నిలబెట్టేడు. కలకత్తా డబ్బున్నవాళ్ళు సెలవులకి ఎక్కడికి పోతారో గ్రాండ్ నడిపేవాడికి తెలియకుండా ఉండదు. గోపాలపురం దానికి సరిపోయింది. ఒబెరాయ్ అంటే తరవాత పెద్ద పెద్ద నగరాల్లో గాజు మేడలు గుర్తొస్తాయి. ఇది మాత్రం చిన్నదిగానే ఉండిపోయింది, తోట, వరండా, ఎదురుగా ఇసక. ఆ కుటుంబం దాన్ని దశాబ్దాలు నడిపింది. బీచ్ హోటలు అంటే ఎలా ఉండాలో ఈ దేశంలో చాలామంది ఇక్కడే మొదట చూసేరు.

ఇప్పుడది మేఫెయిర్ పామ్ బీచ్ రిసార్టు. యజమాని ఒడిశా వాడే, కేంద్రంలో మంత్రిగా చేసిన దిలీప్ రాయ్. అంటే ఇటలీ మనిషి, పంజాబీ కుటుంబం, చివరికి ఒడిశా కుటుంబం. అది మంచిదే, ఆ గోడలు ఇసకలో కలిసిపోయిన గోదాముల దారి పట్టలేదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. లక్షలమందిని ముందే కదిలించేరు కాబట్టి ప్రాణాలు చాలావరకు దక్కేయి. పడవలు, వలలు, ఇళ్ళు పోయేయి. హోటలు అయితే బాగుచేసుకుని మళ్ళీ తలుపు తీస్తుంది. పోయిన వలకి అప్పు చేసి కొన్నవాడు ఆ అప్పు ఎన్ని వేటలకి తీరుస్తాడు? దానికి తోడు, ఋషికుల్య ముఖం దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమని నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలలు, ఆ చుట్టుపక్కల వేట నిషేధం. తాబేళ్ళు బతకాలి, కాదనను. కానీ ఆ నెలలే అతిథులు వచ్చే నెలలు కూడా. తాబేళ్ళని చూద్దామని వచ్చిన అతిథిని అలల్లోకి దింపే పని ఆ ఏడు నెలల్లో కొంతమందికి కూడు పెడుతుంది. తాతల పని లాగే ఉంటుంది, అదే అల, అదే చెయ్యి. ఒక్కటే తేడా, ఇది అందరికీ దొరికే పని కాదు.

ఈమధ్య ఒడ్డున కొందరికి లైఫ్‌గార్డు అని రాసిన చొక్కాలు వచ్చేయి. వాడబలిజ, నూలియా, లైఫ్‌గార్డు. ఆ మూడింట్లో మొదటిదాన్ని హోటలు కాగితంలో గానీ, ఊరి చరిత్ర చెప్పే బోర్డు మీద గానీ నేనింకా చూడలేదు. ఇంట్లో ముసలమ్మని మీరెవరమ్మా అని తెలుగులో అడిగితే మాత్రం ఇప్పటికీ మొదట వచ్చే జవాబు అదే.