పుల్లటి త్రేన్పు వెనక రెండొందల ఏళ్లు

రాత్రి పది దాటాక ఎల్బీనగర్ చౌరస్తాలో, విజయవాడ బస్సులు ఆగే వైపు కాసేపు నిలబడండి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్ల నుంచి బ్యాగులు మోసుకొచ్చిన పిల్లలు బండి దగ్గర ఎగ్ ఫ్రైడ్ రైసో, నాలుగు మిర్చి బజ్జీలో తింటుంటారు. పైన ఒక చాయ్. ఇంతలో స్లీపర్ బస్సు వస్తుంది, ఎక్కి వెల్లకిలా పడుకుంటారు. హయత్‌నగర్ దాటకముందే కొందరికి పుల్లటి నీళ్లు గొంతు దాకా ఎగదన్ని, రొమ్ము వెనక నిప్పు పెట్టినట్టు మంట మొదలవుతుంది. గ్యాస్ పట్టిందనుకుంటారు.

ఆ మంట ఎలా పుడుతుందో మనిషికి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అర్థమైన సంగతి మాత్రం కొత్తపేట మెడికల్ షాపు కౌంటరు దాకా ఇంకా రాలేదని నా బాధ.

మన పెద్దలు దీన్ని పైత్యం అన్నారు. చరక, సుశ్రుతుల కాలానికి ఇది విడి జబ్బు కాదు. కాశ్యప సంహిత, ఆ తర్వాత సుమారు 7, 8 శతాబ్దాల నాటి మాధవ నిదానం దీనికి ఆమ్లపిత్తమని పేరు పెట్టి లక్షణాలు రాశాయి: అరగకపోవడం, వికారం, చేదుగా పుల్లగా త్రేన్పులు, రొమ్ములో గొంతులో మంట. మాధవ నిదానం రాసిన మాధవకరుడు ఇందులో పైకి పోయేది, కిందికి పోయేది అని రెండు రకాలు చెప్పాడు. నన్ను అడిగితే పులుపును కనిపెట్టడం కన్నా ఆ దారిని గమనించడమే గొప్ప. ఎందుకంటే తర్వాత చాలాకాలం వైద్యం పులుపునే పట్టుకుని, అది ఏ దారిన వచ్చిందన్నది వదిలేసింది.

పులుపు అసలు ఏమిటో 1823లో లండన్ వైద్యుడు విలియం ప్రౌట్ తేల్చాడు. కడుపులో ఊరేది సాక్షాత్తూ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. అదే రోజుల్లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ దెబ్బ తగిలింది. అది 1822 జూన్ 6. గాయం మానింది గానీ కడుపుకు పడిన రంధ్రం పూడలేదు. సైన్యంలో డాక్టరుగా ఉన్న విలియం బ్యూమాంట్ పట్టుదారానికి మాంసం ముక్క కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దించేవాడు. గంట తర్వాత లాగి ఎంత కరిగిందో చూసేవాడు. అలా ఏళ్ల తరబడి చూసి 1833లో పుస్తకం వేశాడు. మాంసాన్ని కరిగించే ద్రవం మనిషి కడుపులో ఉందని లోకమంతా నమ్మింది. అలాంటి ద్రవం పైకి వస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం అప్పటికి రాలేదు.

1879లో జర్మనీలో హెన్రిక్ క్విన్కే జీర్ణరసం వల్ల ఆహారనాళంలో పుండ్లు పడతాయని రాశాడు. 1935లో న్యూయార్క్ వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టీన్ దీన్ని ప్రత్యేక జబ్బుగా గుర్తించాడు. ఆ తర్వాత చాలాకాలం నిందంతా హయాటస్ హెర్నియా మీద పడింది. అంటే కడుపు పైభాగం డయాఫ్రం సందులోంచి ఛాతీలోకి జారడం. సర్జన్లు దాన్ని కిందికి లాగి కుట్టారు. 1956లో ఫైక్, కోడ్, ష్లీగెల్ సన్నటి గొట్టాలతో లోపలి ఒత్తిడి కొలిచారు. ఆహారనాళం కడుపును కలిసే చోట మూడు, నాలుగు సెంటీమీటర్ల మేర ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండరం బయటపడింది. తలుపు ఉందని తేలింది. మంట ఉన్నవాళ్లకు ఆ తలుపు వదులై ఉంటుందని అందరూ అనుకున్నారు.

కానీ తలుపు బిగువుగానే ఉన్నవాళ్లకూ మంట వస్తోంది! ఈ చిక్కు 1980ల మొదట్లో జాన్ డెంట్, వైలీ డాడ్స్ బృందాల పనితో విడిపోయింది. ఆ తలుపు మింగుడుతో పని లేకుండా తనంతట తాను పది సెకన్లో, అరనిమిషమో, ఇంకొంచెం ఎక్కువో పూర్తిగా తెరుచుకుంటుంది. కడుపు పైభాగం ఉబ్బితే ఆ సాగుడు వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది, మెదడు తలుపు తీయిస్తుంది. మింగిన గాలి బయటికి పోవడానికి ఒళ్లు చేసుకున్న ఏర్పాటిది. త్రేన్పు వచ్చేది ఇలాగే. కడుపు నిండా తిన్నప్పుడు గాలితో పాటు ఆమ్లమూ పైకి వస్తుంది. కాబట్టి గ్యాస్ అన్న మన మాట పూర్తిగా తప్పు కాదు. తలుపు తట్టేది గాలే, వెనకాలే దూరేది ఆమ్లం.

2001లో గ్లాస్గో పరిశోధకులు ఇంకో సంగతి చూశారు. భోంచేశాక కడుపులో ఆమ్లమంతా అన్నంలో కలిసిపోదు. ఒక పొర పైనే, సరిగ్గా ఆ తలుపు కింద, పేరుకుని ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ ఆ స్లీపర్ బస్సులోకి రండి. బజ్జీలోని నూనె కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, తలుపును వదులూ చేస్తుంది. నిలబడి ఉంటే తలుపు దగ్గర గాలి ఉంటుంది, పడుకుంటే అక్కడికి ద్రవం చేరుతుంది. గాఢనిద్రలో తలుపు పెద్దగా తెరుచుకోదు గానీ, స్పీడు బ్రేకరు దగ్గర కుదుపుకు మెలకువ వచ్చిన క్షణాల్లో తెరుచుకుంటుంది. మేలుకుని ఉన్నప్పుడైతే మనం మింగే ఉమ్మి, అందులోని క్షారం ఆమ్లాన్ని కడిగేస్తాయి. నిద్రలో ఉమ్మి దాదాపు ఊరదు, మింగుడూ అరుదే. పైకొచ్చింది అక్కడే నిలిచిపోతుంది. మలక్‌పేట మార్కెట్ యార్డుకు బస్తాలుగా దిగే ఎండుమిర్చిని అందరూ తిడతారు. కారం మంటను ఎక్కువ తెలిసేలా చేస్తుంది, నిజమే. అసలు తప్పు మాత్రం వేళది, నిండుదనానిది.

ఆ వేళ ఎలా మారిందో ఈ రోడ్డే చెబుతుంది. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే జాగీర్దారు పొలాలు ప్లాట్లై ఆయన పేరుతోనే దిల్‌సుఖ్‌నగర్ అయ్యాయి. పొలం పని ఉన్నచోట పొద్దుగూకగానే రొట్టె తిని, కాసేపు అరుగు మీద కూర్చుని పడుకునేవారు. ప్లాట్లు కాలనీలయ్యాయి, కాలనీల్లోకి కోచింగ్ సెంటర్లు వచ్చాయి. ఎల్బీనగర్ మున్సిపాలిటీ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. 2018 సెప్టెంబరు 24న మెట్రో వచ్చింది. గ్రూప్స్‌కు చదివే పిల్ల, షిఫ్టు దిగిన ఉద్యోగి, ఇద్దరూ తొమ్మిదిన్నరకు తిని పదింటికి పడుకుంటున్నారు. మంటకు విరుగుడని కొందరు కొత్తపేటలో బత్తాయి రసం తాగేవారు. పుల్లటి పండ్ల రసం పుండైన గొంతుకు ఇంకా మంటే.

మందుల కథ వేగంగా నడిచింది. జేమ్స్ బ్లాక్ కృషితో 1976లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ వచ్చింది, 1988లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే ఏడాది స్వీడన్‌లో ఒమిప్రజోల్ అమ్మకానికి వచ్చింది. మనవాళ్లు ఏళ్ల తరబడి చప్పరించినంత తేలిగ్గా మింగిన రానిటిడిన్‌ను 2022లో జాతీయ అత్యవసర మందుల జాబితా నుంచి తీసేశారు. ఇప్పుడు అందరి జేబులోనూ పాంటోప్రజోలే. ఈ మాత్ర ఆమ్లం పంపులను ఆపుతుంది, తలుపు మూయదు. ఆ పంపులు తిండి వేళకే మేలుకుంటాయి కాబట్టి తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాక అర్ధరాత్రి మింగితే ప్రయోజనం తక్కువ. మంటంటే ఆమ్లం పొరను కాల్చడమేనన్న నమ్మకం కూడా కదులుతోంది. 2016లో డల్లాస్ పరిశోధకులు 12 మంది రోగులకు మందు ఆపి చూశారు. వాపు పైపొరలో కాకుండా లోపలి పొరల్లో, రోగనిరోధక కణాలతో మొదలైంది.

ఇవన్నీ తెలిసినా నాకు భయం పోని విషయం ఒకటుంది. గుండెపోటు కూడా చాలామందికి గ్యాస్‌లాగే మొదలవుతుంది. నడిచినా మెట్లెక్కినా పెరిగే నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకేది, చెమటలు పట్టించేది అయితే ఈనో కలుపుకుంటూ తెల్లారే దాకా కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి. మింగుడు పడకపోయినా, తగ్గని మంటతో పాటు బరువు తగ్గినా ఎండోస్కోపీ చేయించుకోవాలి.

మా నాన్నకు ఈ జబ్బు ఇరవై ఏళ్లు ఉండేది. దిండు పక్కన జెలూసిల్ సీసా, మూతకు అంటుకుపోయిన తెల్లటి మందు, అర్ధరాత్రి చెంచా చప్పుడు. ఒక పెద్ద డాక్టరు మాత్రలు రాశాక ఆగి, మంచం తలవైపు కోళ్ల కింద రెండు ఇటుకలు పెట్టమన్నారు, ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. కడుపు ఎడమకే వంగి ఉంటుంది కాబట్టి అలా పడుకుంటే ఆమ్లం తలుపుకు కిందుగా ఉంటుందని కాగితం మీద బొమ్మ గీసి చూపారు. ఏడున్నరకే అన్నం పెట్టమని అమ్మకు విడిగా చెప్పారు. నాన్న మొదట నవ్వారు. నెల తిరిగేసరికి రాత్రిళ్లు చెంచా చప్పుడు వినపడటం మానేసింది.