రొమానే కోంతీ: ఒక ద్రాక్షతోట పూర్వచరిత్ర

ఫ్రాన్సుదేశపు తూర్పుభాగమున, బుర్గోన్ సీమలో, వోన్ రొమానే యను చిన్న గ్రామమునకు పైనున్న కొండవాలున, పొట్టిగోడయు రాతిశిలువయు తప్ప వేఱు గుర్తులు లేని ద్రాక్షతోట యొకటి కలదు. దాని వైశాల్యము 1.81 హెక్టార్లు, అనగా మన లెక్కకు ఇంచుమించు నాలుగున్నర ఎకరములు. ఏటికి ఐదాఱువేల సీసాలకు మించని యెఱ్ఱవైను నిచ్చు నీ భూమికి లోకమున నింత ప్రతిష్ఠ యేల కలిగినదని యడిగినచో, సున్నపురాతిపై పఱచుకొన్న బంకమన్నే కారణమని ఆ సీమవారు చెప్పుదురు. మన్ను మేలిదే, కాని గట్టు దాటిన రిష్‌బూర్ మన్నును హీనమైనది కాదు. ఈ తోట యెన్ని చేతులు మాఱినను ఒక్క చెక్కగనే నిలుచుట నా దృష్టిలో అంతకంటె గొప్ప కారణము.

మధ్యయుగమున నీ భూములు క్లూనీ మఠమునకు లోబడిన సేంట్ వివాన్ సన్న్యాసుల యధీనమున నుండెను. పినో న్వార్ అను నల్లద్రాక్ష నొక్కదానినే నాటుట, ఒక్కొక్క చెక్క రసము నెఱిఁగి వేఱువేఱుగ నిలువచేయుట మొదలగు కృషిధర్మములు బుర్గోన్‌లో చాలమట్టుకు మఠములవలననే స్థిరపడినవి. 1395వ సంవత్సరమున బుర్గోన్ ప్రభువగు ఫిలిప్పు, దిగుబడి మిక్కుటమైనను రసము తక్కువగు గమే తీగను పెఱికివేయుడని శాసించుటయు నీ శ్రద్ధకు తోడ్పడెను. పిదప తోట గృహస్థుల పాలై, 1631 మొదలు క్రూనెంబూర్ వంశమువారి చేతిలో రొమానే యను పేరు గాంచెను. 1760లో కోంతీ రాకుమారుడగు లూయీ ఫ్రాన్స్వా ద బూర్బోన్ దీనిని కొని, పండిన రస మంతయు తన భోజనశాలకే పరిమితము చేసికొనెను. రాజుగారి ప్రేయసి పాంపదూర్ దీనికై పోటీపడి యోడెనను కథ రుచికరమైనదే గాని, దానిని వదంతిగ నెంచుటయే మేలు. విప్లవకాలమున ప్రభుత్వము తోటను స్వాధీనము చేసికొని వేలము వేసినపుడు, రాజవంశముల నిర్మూలించినవారే ధర పెరుగుటకై రాకుమారుని పేరును దానికి తగిలించిరట!

విప్లవానంతర వారసత్వధర్మము తండ్రిసొత్తును బిడ్డలందఱికిని పంచుమనుటచే, బుర్గోన్ తోటలు తరతరమునకు సన్నగిల్లెను. సమీపముననున్న యేబది హెక్టార్ల క్లో ద వూజోకు నేడు ఎనుబదిమంది వఱకు యజమానులున్నారు. అన్నదమ్ముల పంపకములలో పొలము గట్లుగ మాఱుట మనకును వింత కాదు. 1869లో ద్యువో బ్లోషే కొన్న కోంతీ తోట మాత్ర మా గతి పట్టక, 1942లో రెండు కుటుంబముల భాగస్వామ్యసంస్థగ నేర్పడుటచే ముక్కలు గాక నిలిచినది.

పంపకములనుండి తప్పించుకొన్న తోటకు పురుగు బెడద తప్పలేదు. అమెరికానుండి వచ్చిన ఫిలోక్సెరా, వేళ్లను తిని, పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున ఫ్రాన్సు తోటలను నాశనము చేయగా, తక్కినవారు పురుగునకు లొంగని అమెరికా మొదళ్లపై తమ తీగలను అంటుకట్టి బయటపడిరి. కోంతీవారు మాత్రము, భూమిలోనికి కార్బన్ డైసల్ఫైడ్ మందును దింపుచు, ముదురుతీగను నేలలో త్రొక్కి క్రొత్త వేళ్లు దింపు పాతపద్ధతినే పట్టుకొని, అంటులేని ప్రాచీనతీగలను మఱియొక యర్ధశతాబ్దికి పైగా బ్రతికించిరి. రెండవ ప్రపంచయుద్ధమున మందును మనుష్యులును కఱవై యా మొండిపట్టు సడలెను. 1945లో దిగుబడి ఆఱువందల సీసాలకు దిగజాఱగా, కోత ముగిసినపిదప తీగలన్నిటిని పెఱికివేసిరి.

ఆ కడపటి పంట సీసాలలో నొకటి 2018లో న్యూయార్కు వేలమున 5,58,000 డాలర్లకు పోయినది. తొక్కలనుండియు గింజలనుండియు దిగిన యొగరు, ఏండ్లు గడచినకొలది సీసాలో నొండొంటితో గూడి మడ్డియై అడుగంటగా, రంగు ఊదానుండి ఇటుకవన్నెకు తిరిగి, పండువాసన తడియాకుల వాసనగ పరిణమించుట మంచి పాతవైనులకెల్ల సామాన్యము. కావున నా ధర రుచికి గాక, మఱల పండనేరని తీగకు చెల్లించినదని తలచెదను. 1947లో క్రొత్తగ నాటిన మొక్కలు మాత్ర మన్యములు గావు. ఇదే సంస్థ తోటయగు లా తాష్‌లో అంటుమొదళ్లపై పెరుగుచున్న, కోంతీ పాతతీగల సంతతినుండియే కొమ్మలు తెచ్చి నాటిరి. 1946 మొదలు 1951 వఱకు రొమానే కోంతీ పేర వైను వెలువడలేదు. 1952లో మరల మొదలైనది.