గడ్డం కత్తిని ఓడించిన తోలుపట్టీ

మడత మంగలి కత్తి ఇళ్లలోంచి మాయమైంది తెగుతుందన్న భయంవల్లేనని చాలామంది నమ్మకం. అసలు కారణం తోలుపట్టీ అని నా వాదన. ఎవరి గడ్డం వాళ్లు గీసుకోవడం ఎలాగో నేర్పడానికి పారిస్ కత్తుల తయారీదారు జాఁ జాక్ పెరె 1769లో ఏకంగా పుస్తకమే రాయాల్సి వచ్చింది. గీసే కత్తికి పదును నిలవాలంటే పట్టీని బిగించి లాగి, కత్తి వీపునూ అంచునూ కలిపి తోలుకు ఆనించాలి. వీపు ముందు, అంచు వెనక నడవాలి. కొసకు చేరాక కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి, వీపు మీదుగానే తిప్పాలి. పట్టీ వదులైతే అంచు గుండ్రబడుతుంది. తొందరపడితే పట్టీయే తెగుతుంది. రోజంతా కత్తి పట్టే మంగలికి ఇదొక లెక్కా? పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తే గుమాస్తాకు మాత్రం గండమే.

భయమే లేకపోతే సేఫ్టీ రేజర్ ఎందుకు పుట్టిందని అడగవచ్చు. భయం ఉన్నమాట నిజమే. అయితే 1880లోనే న్యూయార్క్‌లో కాంఫే సోదరులు అంచుకు కాపు ఉన్న రేజర్‌కు పేటెంట్ తీసుకున్నారు. దాని బ్లేడును కూడా పట్టీ మీద తిప్పక తప్పలేదు, మంగలి కత్తీ కదల్లేదు. జిల్లెట్ పారేసే బ్లేడు 1903లో అమ్మకానికొచ్చింది. నూరే పనీ పట్టీ పనీ లేవన్నదే దాని ప్రకటనల గొప్ప. మొదటి ఏడాది 51 రేజర్లే అమ్ముడుపోయాయి, మరుసటి ఏడాది 90 వేలు దాటాయి. హెన్రీ గైస్‌మన్ తెచ్చిన ఆటోస్ట్రాప్ ఇంకా గట్టి సాక్ష్యం: రేజర్ తలలోంచే పట్టీ దూర్చి లాగితే చాలు, చెయ్యి ఎంత వంకరైనా కోణం మారదు. 1930లో ఆటోస్ట్రాప్ కంపెనీ జిల్లెట్‌తో కలిసిపోయింది.