ఎల్మ్ స్ట్రీట్ లాడ్జి

డాలస్‌లోని డీప్ ఎల్లమ్‌లో, ఎల్మ్ స్ట్రీట్ మీద ‘పిట్‌మన్’ అనే హోటల్ ఉంది. 2020లో తెరిచారు. అందులో కలిసిపోయిన పాత ఇటుకల మేడ ఒకప్పటి లాడ్జి. మన ఊళ్ళలో బస్టాండు దగ్గర గదులు అద్దెకిచ్చే లాడ్జి కాదండోయ్! సంఘ సభ్యులు కలుసుకునే భవనం అన్నమాట.

ఆ సంఘం పేరు ‘నైట్స్ ఆఫ్ పిథియస్’. స్నేహితుడి కోసం ప్రాణం పణంగా పెట్టిన గ్రీకు కథ ఒకటుంది, డామన్, పిథియస్‌లది. ఆ స్నేహం ఆదర్శంగా 1864లో వాషింగ్టన్‌లో పుట్టిన సంఘం ఇది. అయితే నల్లజాతివారిని చేర్చుకోలేదు! వాళ్ళు 1880లో మిసిసిపీలో అదే పేరుతో తమ శాఖ పెట్టుకున్నారు.

వాళ్ళకి ఈ సంఘం కాలక్షేపం కోసం కాదు. ప్రుడెన్షియల్ కంపెనీ 1881 నుంచి నల్లజాతివారికి అదే ప్రీమియానికి మూడింట రెండు వంతుల సొమ్మే ఇస్తానంది. లాడ్జి సభ్యులు మాత్రం తమ చందాల నుంచే చనిపోయినవాడి ఖర్మకాండకీ, అతని భార్యకీ డబ్బు ఇచ్చుకున్నారు.

అలాంటి సభ్యులు 1916లో కట్టుకున్నదే ఈ మేడ. నమూనా గీసిన విలియం సిడ్నీ పిట్‌మన్ కూడా నల్లజాతివాడే, బుకర్ టి. వాషింగ్టన్ అల్లుడు. ఊళ్ళో మరోచోట గది దొరకని నల్లజాతి డాక్టర్లు, డెంటిస్టులు, లాయర్లు ఇక్కడ ఆఫీసులు పెట్టుకున్నారు. పై అంతస్తులో పెద్ద హాలు. వేరుశనగ మీద పరిశోధనలు చేసిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అక్కడ ప్రసంగించాడు.

1930ల మాంద్యం తరవాత మేడ చేజారింది. 1958లో పిట్‌మన్ పోయాడు. మరుసటి ఏడే ఆ మేడని కొన్నది ఎవరో తెలుసా? ఒక ఇన్సూరెన్స్ కంపెనీ! తరవాత చాలా ఏళ్ళు ఖాళీగా పడి ఉండి, చివరికి హోటలై, మన అర్థంలో కూడా లాడ్జి అయింది.

పిట్‌మన్ పేరు బోర్డు మీదికెక్కినందుకు సంతోషమే. కానీ చందా వేసినవాళ్ళు ఎందుకు వేశారో కూడా గుర్తుండాలి. మనకి ఇన్సూరెన్స్ ఇవ్వం అని ఇక్కడెవరూ అనరు. అయినా మనలో ఒకరు హఠాత్తుగా పోతే, శవాన్ని ఇంటికి పంపడానికి ఆ రాత్రే ఆన్‌లైన్‌లో చందాలు మొదలుపెడతాం. వాళ్ళు ఆ చందా ముందే వేసి ఉంచుకున్నారు.