ముందు చక్రానికి కొత్త టైరే

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారింది. పొదుపు ఆనాటి నుంచీ గ్యారేజీల ధర్మమే. మా అనకాపల్లిలో పాత బస్సు పోయి కొత్తది వస్తే, పాతదానిలో పనికొచ్చే భాగాలు విప్పి దాచేవాళ్లం. విరిగిన కమాన్ పట్టీ, నూనె కారే షాక్ అబ్జార్బరు మాత్రం తుక్కులోకే. అరిగిన టైరు లోపల గట్టిగా ఉంటే రీట్రెడింగ్ చేయించి వెనుక చక్రాలకే వేసేవాళ్లం. వెనుక జంట టైర్లలో ఒకటి పేలినా రెండవది ఆదుకుంటుంది. ముందుది పేలితే స్టీరింగే చేజారుతుంది. పొదుపు అక్కడితో ఆగాలి.

మన పిల్లలు నేడు పాత కార్లు కొంటున్నారు. టైరు పక్కనున్న నాలుగంకెల్లో చివరి రెండు తయారైన సంవత్సరం. అది చూసి కొనమని చెప్పండి.